చప్పుడు విని చెప్పే చాచా

మా పక్కింటి చాచా పోయిన శుక్రవారం పొద్దున చనిపోయారు. మసీదు మైకులో ఆయన పేరు, ఆయన తండ్రి పేరు చదివి, మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా నమాజు, ఖననం ఉంటాయని చెప్పినప్పుడు మా వీధిలో సగం మందికి ఎవరి గురించి చెబుతున్నారో తెలియలేదు. ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లు ఎవరూ లేరు. కూరగాయల బండి ఆయన నన్ను చూసి, "ఎవరు పోయింది టీచరమ్మా?" అని అడిగాడు. "కార్ల చాచా" అన్నాను. చేతిలో ఉన్న వంకాయలు బండి మీద పెట్టేసి, చాలాసేపు ఏమీ తూచకుండా అట్లాగే నిలబడ్డాడు.

ఆయన మీలో ఎవరికీ తెలిసి ఉండరు. ఖమ్మంలో మా పేట ఖానాపురం హవేలి దాటి బయట ఆయనకు పేరు లేదు. పైనుంచి తవ్వే బొగ్గు బాయిల్లో, చివరికి సత్తుపల్లి దగ్గర, జీపులకు, లారీలకు కరెంటు పని చూసే ఎలక్ట్రీషియన్‌గా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, రిటైరయ్యాక మా పక్కన చిన్న ఇల్లు కట్టుకున్నారు. చాచీ, ఆయన ఇద్దరే ఉండేవారు. కూతురు మధిరలో ఉంటుంది. బక్కపలచని మనిషి. గళ్ల లుంగీ, తెల్ల బనియను, భుజం మీద రంగు వెలిసిన తువ్వాలు. రోజూ పొద్దున ఎనిమిది గంటలకు చాయ్ గ్లాసు పట్టుకుని గేటు దగ్గర నిలబడేవారు. వీధిలో ఆఫీసులకు పోయేవాళ్లు బండ్లు స్టార్ట్ చేసే సమయం అది. ఆయన వాకింగ్‌కు పోయేవారు కాదు, పేపరు చదివేవారు కాదు. బండ్లు లేచే చప్పుడు వినేవారు. అన్నీ లేచి వెళ్లిపోయాక గ్లాసు అడుగున మిగిలిన చాయ్ మొక్క మొదట్లో పోసి లోపలికి పోయేవారు.

నేను పిరికిదాన్ని. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి, లేకపోతే ఆయన నాకు ఏం చేశారో మీకు అర్థం కాదు. కారేపల్లి దాటి లోపలికి, అడవి అంచున ఉన్న ఒక కోయ గూడెంలో ఒకే టీచరున్న బడి నాది. బస్సు పెద్ద రోడ్డు దాకే పోతుంది. అక్కణ్నుంచి నాలుగు కిలోమీటర్లు నడవాలి, లేదా ఎవరి బండి వెనకైనా ఎక్కాలి. మా ఆయన ఉద్యోగం వరంగల్‌లో, వారానికొకసారి వస్తారు. ఒక వానాకాలం పొద్దున, నాకు యాభై అడుగుల ముందు ఒక ఎలుగుబంటి రోడ్డు దాటింది. అది నన్ను చూడను కూడా చూడలేదు. అయినా ఆ రోజు బడిలో నాకు పలక మీద అక్షరం దిద్దించే చెయ్యి ఆడలేదు. ఆ తర్వాతే నలభై రెండేళ్ల వయసులో డ్రైవింగ్ నేర్చుకుని, ఒక సెకండ్‌హ్యాండ్ కారు తీసుకున్నాను. ఎలుగుబంటి భయం పోయి కారు భయం పట్టుకుంది. లారీ ఎదురొస్తే భయం, గేరు పడకపోతే భయం, అడవిలో ఆగిపోతే ఎట్లా అన్న భయం అన్నిటికంటే పెద్దది.

కారు కొన్న నెల రోజులకు, ఒక సోమవారం పొద్దున, అది లేవలేదు. తాళం తిప్పితే ముందు నుంచి టకటకటక అని వినిపించింది, అంతే. మళ్లీ తిప్పాను. మళ్లీ తిప్పాను.  అద్దం దగ్గర ఎవరో వేలితో కొట్టారు. చాచా.

"ఆగు బేటీ. ఇంకోపాలి తిప్పకు."

"ఏమైంది చాచా దీనికి?"

"ఏమైందో అదే చెప్తంది. నువ్వు ఇంటలేవు."

అప్పటికి ఆయనతో నా పరిచయం నమస్కారాల దాకానే. చాయ్ గ్లాసు మా గోడ మీద పెట్టి, నన్ను దిగనివ్వకుండా, "లైట్లు వెయ్యి" అన్నారు. వేశాను. ఎదురుగా మా కాంపౌండు గోడ మీద రెండు వెలుగు గుండ్రాలు పడ్డాయి. "నా దిక్కు చూడకు, గోడ దిక్కు చూడు. ఇప్పుడు తిప్పు." తిప్పాను. టకటకటక. ఆ చప్పుడుతో పాటే గోడ మీది వెలుగు తగ్గిపోయి, తాళం వదిలాక మళ్లీ వచ్చింది.

"చూసినవా? ఒక్కటే గట్టిగ టక్ అని ఊకుంటే, లైట్లు గట్లనే మండుతుంటే, అది స్టార్టర్ మోటార్ బీమారి. ఇట్ల వణికినట్టు టకటక అని, లైట్లు పడిపోతే కరెంటు అందుతలేదన్నట్టు. బ్యాటరీ అన్న దిగింది, లేకుంటే దాని తలకాయ, అదే టెర్మినల్, కాడ వైరు బిగిచ్చే పట్టీ అన్న వదులైంది. అసలు సప్పుడే లేకపోతే అది వేరే లెక్క. మూడు ముచ్చట్లు, గంతే. గుర్తుంటయా?"

గుర్తుంటాయన్నాను. ఆయన నమ్మలేదు. టీచరునైన నా చేత మూడుసార్లు అప్పజెప్పించుకున్నారు.

బానెట్ తెరిచినప్పుడు నేను మూడడుగులు వెనక్కి జరిగాను. ఆయన అది గమనించి నవ్వలేదు. "పన్నెండు ఓల్టులు. నిన్నేం చెయ్యదు. పానా మాత్రం రెండు తలకాయలకు ఒకేపారి తాకనియ్యకు. ఇప్పేటప్పుడు నల్ల వైరు ముందు, బిగిచ్చేటప్పుడు నల్లది ఎనక" అని చెప్పి, పానా నా చేతికే ఇచ్చారు. బోల్టు మీద పెట్టబోయి వెనక్కి తీశాను. "భయమైతే కానియ్యి. భయం నీ దగ్గర్నే ఉంటది, యాడికీ పోదు. చెయ్యిని దాని పని చేస్కోనియ్యి" అన్నారు. పని అయ్యాక ఒక చిన్న వాజెలిన్ డబ్బా తెచ్చి, ఉప్పు పట్టకుండా తలకాయలకు పూసి, మిగిలింది తన మడమ పగుళ్లకు రాసుకున్నారు. ఆ డబ్బా రెండింటికీ ఒకటే. చాచీ దాని గురించి రోజూ తిట్టేదట.

ఆ తర్వాత ప్రతి ఆదివారం నా కారు ఆయన గేటు ముందు ఉండేది. నేర్పించడంలో ఆయనకు తొందర ఉండేది కాదు. నా కళ్లు మూయించి, తానే తాళం తిప్పి, "ఇప్పుడెట్లుంది?" అని అడిగేవారు. చల్లటి పొద్దున లేచే చప్పుడు వేరు, ఎండలో తిరిగొచ్చాక లేచే చప్పుడు వేరు అని నాకు తెలియడానికి ఆరు నెలలు పట్టింది. అడవి రోడ్డు మీద పోతున్నప్పుడు నేను ఇంజన్ వినడం మొదలుపెట్టాను. వింటూ ఉంటే మిగతా భయాలకు అంత చోటు ఉండేది కాదు.

ఆయన ఒక్క మాట మాత్రం పడనిచ్చేవారు కాదు. వీధిలో ఎవరైనా బండి సంగతి చెబుతూ "రేపు చూపిద్దాం చాచా" అంటే ఆయన ముఖం మారిపోయేది. "రేపెందుకు? ఈడనే ఉన్నగద" అని, అన్నం తింటూ ఉన్నా చెయ్యి కడుక్కుని లేచేవారు. వయసు మీద పడ్డాక వచ్చిన చాదస్తమని మేమంతా అనుకున్నాం.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం నాకు బంధువుల ఇంట్లో పెళ్లి పని ఉండి కారు చూపించలేదు. మంగళవారం సాయంత్రం నేను ఇంటి ముందు దిగుతుంటే ఆయన పిలిచారు. "పొద్దుగాల లేచేటప్పుడు జర నీరసం సప్పుడొచ్చింది. బానెట్ తియ్యి, చూస్త." నాకు ఒళ్లు నొప్పులుగా ఉంది. వర్షం పడేటట్టు ఉంది. "రేపు చూద్దాం చాచా, ఒక్కరోజుకేమైతది" అన్నాను. "రేపెందుకు?" అని ఆయన అంటూనే ఉన్నారు. నేను లోపలికి వెళ్లి తలుపేసుకున్నాను. కిటికీలోంచి చూస్తే ఇంకా అక్కడే, కారు పక్కనే నిలబడి ఉన్నారు.

మర్నాడు బుధవారం. పదకొండు గంటలు దాటింది. పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. వంటగది వెనక నుంచి ఒక అరుపు వినిపించింది, ఒకటే. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె కట్టెల కుప్ప పక్కన కూలబడి ఉంది. కట్టె లాగుతుంటే కింద ఉన్న పాము మడమ పైన కాటేసింది. వంటకు సాయంగా వచ్చే ఆమె తోటికోడలు అప్పటికే కర్ర పట్టుకుని కుప్ప చుట్టూ తిరుగుతోంది. పామును నేను చూశాను. మందంగా, గొలుసు మచ్చలతో, మెల్లగా కట్టెల్లోకి జారిపోయింది. రక్తపింజర.

కట్టు కట్టకూడదని, కోయకూడదని, కదలనివ్వకూడదని పిల్లలకు పాఠం చెప్పినదాన్ని నేనే. అవన్నీ గుర్తొచ్చాయి.  పక్కనున్న అంగన్‌వాడీ ఆయాను కేకేసి పిల్లల్ని అప్పగించాను. మా బడి దగ్గర ఫోను పలకదు. వంద అడుగుల దూరంలో, దారి మలుపులో ఒక రాతిబండ ఉంది, దానిపైకి ఎక్కితేనే సిగ్నల్. ఎక్కి అంబులెన్సుకు చేశాను. దగ్గర్లోని బండి వేరే కేసు మీద పోయింది, గంటన్నర పడుతుందన్నారు. దిగి పరుగెత్తుకుంటూ వచ్చి, ఆమెను ఇద్దరం మోసి కారు వెనక సీట్లో పడుకోబెట్టాం. తోటికోడలు పక్కన కూర్చుని కాలు పట్టుకుంది. నేను తాళం తిప్పాను.

టకటకటకటక.

ఆ చప్పుడు విన్నప్పుడు నాకు కలిగింది భయం అని చెబితే సరిపోదు.  నిన్న సాయంత్రం కారు పక్కన నిలబడ్డ మనిషి కళ్ల ముందు కనిపించాడు. వెనక నుంచి తోటికోడలు, "ఏమైంది టీచర్? పోతలేదేంది?" అంటోంది. ఆమెకు జవాబు చెప్పకుండా దిగి మళ్లీ బండ దగ్గరికి పరుగెత్తాను.

ఒక్క రింగుకే ఎత్తారు.

"చాచా, మా వంటామెకు పాము కరిచింది. రక్తపింజర. కారు లేస్తలేదు."

అటువైపు ఒక్క ఊపిరి వినిపించింది. తర్వాత ఎప్పటి గొంతే. "ఏమంటంది కారు?"

"టకటక అంటంది."

"ఒక్కటా, మస్తుగనా? నోటితోని అని చూపెట్టు."

అడవి మధ్యలో బండ మీద నిలబడి, ఏడుస్తూ, నోటితో టకటకటకటక అన్నాను.

"లైట్లు?"

"చూడలే చాచా."

"పోయి చూడు. నల్ల తలకాయ కాడ పట్టీని చేత్తోని పట్టి తిప్పు. తిరుగుతదా లేదా చూసి రా. ఉరకకు, పడ్తవ్. జల్దీ నడువు."

కారు దగ్గరికి పోయి లైట్లు వేసి తాళం తిప్పితే, అవి పడిపోయాయి. బానెట్ ఎత్తితే నల్ల తలకాయ చుట్టూ తెల్లగా, పచ్చగా ఉప్పు పేరుకున్నట్టు ఉంది. పట్టీని పట్టుకుంటే సీసా మూతలాగా తిరిగింది. వెనక సీట్లోంచి ఆమె ఏదో కోయ భాషలో మూలుగుతోంది. చూడలేదు. చూస్తే ఇంక కదలలేనని తెలుసు. మళ్లీ బండ ఎక్కాను.

"తిరుగుతంది చాచా. మొత్తం తెల్లగ పట్టింది. నా దగ్గర పానా లేదు."

"వేడినీళ్లు దొరుకుతయా?"

"పొయ్యి మీద ఎసరు మరుగుతంది."

"అవే తెచ్చుకో. తెల్లది పోయేదాంక పోసి తుడువు. అది అయినంక పట్టీకి, తలకాయకు నడుమ సందుల ఒక ఇనుప మొల దిగ్గొట్టు. గట్టిగ కూసోవాలె. మొల ఉన్నదా?"

"పటం తగిలిచ్చిన మొల ఉంది."

"సరిపోతది. లేసినంక నాకు ఫోన్ చెయ్యకు. పోతనే ఉండు. దవాఖానా దాంక ఇంజన్ ఆపకు. ఎవ్వరు చెప్పినా ఆపకు."

"లేవకపోతే చాచా?"

 "లేస్తది, పో" అన్నారు.

తరగతి గోడ మీది దేశపటం కింద పడేసి మొల పీకాను. పిల్లలు బెంచీల మధ్య నుంచి నోళ్లు తెరిచి చూస్తున్నారు. గిన్నెతో ఎసరు నీళ్లు ముంచి తెచ్చి పోస్తే తెల్లది నురగలై కరిగి కిందికి కారింది. నా చేతి మీద కూడా పడింది. అది కాలిందని సాయంత్రం దాకా తెలియలేదు. చున్నీతో తుడిచి, మొలను సందులో పెట్టి, కారం నూరే బండరాయితో కొట్టాను. తాళం తిప్పితే మళ్లీ టకటక. దిగి ఇంకో రెండు దెబ్బలు వేశాను. పట్టీని లాగి చూశాను, కదల్లేదు. మళ్లీ తిప్పాను. ఒక్కసారి గురక పెట్టినట్టు అని, లేచింది.

ఆ రోడ్డు నాకు ఇప్పటికీ ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఎక్కడ మలుపు తిప్పానో, ఎవరిని దాటానో తెలియదు. వేగం తగ్గితే ఇంజన్ ఆగిపోతుందేమో, గుంతలో పడితే మొల ఊడిపోతుందేమో. ప్రతి కుదుపుకూ చెవులు రిక్కించి విన్నాను. సగం దారిలో ఆమె చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోందని తోటికోడలు చెప్పింది. నేను అద్దంలో చూడలేదు. కాసేపటికి వెనక నుంచి ఆమె గొంతే వినిపించింది, నీరసంగా.

"టీచర్, ఎసరు దించిన్రా? పిల్లలకు అన్నం ఎట్ల?"

"మీ వాళ్లు వండుతరులే. నువ్వు మాట్లాడకు" అన్నాను. అప్పుడు మాత్రం నాకు దారి కనిపించలేదు. కళ్లు తుడుచుకుని పోనిచ్చాను.

ఖమ్మం దవాఖానా ముందు కారు ఆపి, ఇంజన్ అట్లాగే వదిలేసి, స్ట్రెచరు వెనకే లోపలికి పోయాను. వాచ్‌మన్ వెంటపడి, "మేడం, బండి బంద్ చెయ్యుండ్రి" అన్నాడు. "చెయ్యను" అన్నాను.  గంట తర్వాత బయటికి వస్తే, కారు ఇంకా నడుస్తూనే ఉంది. ఆ వాచ్‌మన్ దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మందు ఎక్కిస్తున్నారు, రెండు మూడు రోజులైతే గానీ ఏమీ చెప్పలేమన్నారు. ఆమె మనుషులు వచ్చాక నేను ఇంటికి బయల్దేరాను. పొద్దు గూకుతోంది. చాచా తన గేటు ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నారు, చేతిలో ఫోను. నేను ఫోన్ చెయ్యకూడదని ఆయనే అన్నారు, అందుకే పదకొండున్నర నుంచి ఆయనకు ఏ సంగతీ తెలియదు. చాచీ లోపల నుంచి, "పొద్దటి నుంచి ఒక్క ముద్ద ముట్టలే. నీళ్లు గూడ తాగలే" అంది.

"ఉన్నదా?" అన్నారాయన.

"ఉంది చాచా."

ఆయన తల వంచుకుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. తుడుస్తూనే ఉన్నారు. నేను ఆ మెట్టు మీదే కూర్చుని, "నాదే తప్పు. నిన్న మీరు చెప్పినా వినలే" అన్నాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండనిపించింది. ఆయన అప్పటిదాకా చాచీకి తప్ప ఎవరికీ చెప్పని సంగతి చెప్పారు.

"నేను కూడ గా మాట అన్ననమ్మా, ఒకపాలి. బాయిల పని చేసేటప్పుడు. డ్రైవర్ పొద్దుగాల్నే వచ్చి, జీపు టకటక అంటంది జర చూడు భాయ్ అన్నడు. నాకు తెలుసు అది వదులు పట్టీ అని. ఐదు నిమిషాల పని. ఆకలైతంది, రేపు చూద్దాంలే అన్న. మద్దినం యాళ్లకు బండ జారి ఒక మనిషి మీద పడ్డది. అడుగున, లోతుల ఉన్నరు. ఆడ ఉన్నది గా జీపు ఒక్కటే. నేను పైనుంచి కిందికి ఉరికొచ్చే వరకు వాళ్లు తాళం తిప్పుతనే ఉన్నరు. నాకు దూరం నుంచే ఇనొచ్చింది ఆ సప్పుడు."

"తర్వాత?"

"దవాఖానాకు పోనే లేదు ఆయన. డాక్టరు అన్నడు, జీపు లేసినా బతికేటోడు కాదు అని. అందరు అన్నరు. నేను నమ్మలే." తువ్వాలు భుజం మీద వేసుకున్నారు. "ఇయ్యాల నువ్వు ఫోన్లో టకటక అన్నప్పుడు, నాకు కాళ్లు చల్లబడ్డయి. లేస్తది అన్న గని, నాకేం తెలుసు? బ్యాటరీయే పోయి ఉంటే లేవకపోతుండె."

పొద్దున ఎనిమిదింటికి ఆయన గేటు దగ్గర ఎందుకు నిలబడతారో నాకు అప్పుడు తెలిసింది. మేము చూసినప్పుడల్లా తీరిగ్గా చాయ్ తాగుతున్నట్టు కనిపించిన మనిషి, రోజూ ఒక్కొక్క బండీ లేచేదాకా భయపడుతూ నిలబడేవారు.

నాలుగో రోజు డాక్టరు ప్రమాదం తప్పిందన్నారు. ఆ నాలుగు రోజులూ చాచా పొద్దున గోడ పక్కకు వచ్చి, "ఎట్లుంది?" అని అడిగి, జవాబు విని వెళ్లిపోయేవారు. దవాఖానాకు రమ్మంటే రాలేదు. "మంచిగై ఇంటికి పోయినంక పోయి చూసొస్త. ఇప్పుడు నాతోని కాదు" అన్నారు. ఆమె కాలు పుండై మానడానికి నెలలు పట్టింది. తర్వాత ఆయనకు మోకాళ్ల నొప్పులు, నాకు పరీక్షలు. పోదాం, పోదాం అనుకుంటూనే ఉన్నాం. రేపు అనే మాటను పడనివ్వని మనిషి కూడా ఆ ఒక్క విషయంలో వాయిదా వేశారు. భయమే అయి ఉంటుంది. ఆమెను కళ్లారా చూస్తే బాయిలో పోయిన ఆ పాత మనిషి కూడా కనిపిస్తాడేమో అని. నేను అడగలేదు.

నా కారుకు కొత్త పట్టీ వేస్తూ ఆ మొలను ఊడబీకి, రుద్ది తుడిచి నా చేతిలో పెట్టారు. "బడికి తీస్కపో. పోరగాండ్లకు దేశం లేకుంట చేసినవ్" అన్నారు. ఆయన నవ్వగా నేను చూసిన రోజులు చాలా తక్కువ. అది ఒకటి.

పోయిన శుక్రవారం తెల్లారాక చాచీ మా తలుపు కొట్టింది. నమాజు చేసి లేవబోతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డారట. నేను తాళం తీసుకుని చెప్పులు లేకుండానే పరుగెత్తాను. ఇంటి ముందున్న ఇద్దరు మగవాళ్లు ఆయన్ని ఎత్తుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టారు. తల చాచీ ఒళ్లో ఉంది. తాళం తిప్పేముందు నా చెయ్యి ఆగింది. ఎంతోసేపు కాదు, ఒక్క క్షణం. కారు ఒక్కసారికే లేచింది.

మెయిన్ రోడ్డు ఎక్కాక వెనక నుంచి, "బేటీ" అన్నారు.

"చెప్పండి చాచా."

"భయమైతందా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "అవ్ చాచా."

"నాకు గూడ" అన్నారు. అన్నాక చాచీ చెయ్యి వెతుక్కుని పట్టుకున్నారు.

దవాఖానాలో డాక్టర్లు చేయగలిగినంత చేశారు. గంటలోపే పోయారు. మేము ఆలస్యం చేయలేదు. దారిలో ఎక్కడా ఆగలేదు. కారు మొరాయించలేదు. అన్నీ సరిగ్గా జరిగినా మనిషి దక్కకపోవచ్చని, ఆయనకు ఆ బాయి దగ్గర డాక్టరు చెప్పింది నిజమే అయి ఉండొచ్చని, నాకు వరండాలో నిలబడి ఉన్నప్పుడు తోచింది. ఆ మాట ఆయనకు చెప్పడానికి ఇంక వీల్లేదు. ఇన్నేళ్లూ ఆయన మోసిన బరువు నేను దించలేకపోయాను. నా బరువు మాత్రం ఆయన ఒక్క ఫోనులో దించేశారు.

మొన్న మంగళవారం చాచీ దగ్గర కూర్చున్నాను. భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, గడప దాటదు. కూతురు లోపల వంట చేస్తోంది. వీధిలో షేర్ ఆటో ఆగిన చప్పుడైంది. మా వంటామె దిగింది. చంకలో ఒక గుడ్డ మూట. చాచా పోయారని నేను బడిలో పిల్లలకు చెప్పిన మాట ఆమె చెవిన పడిందట. పెద్ద రోడ్డు దాకా నడిచి, రెండు ఆటోలు మారి వచ్చింది. నేను ఎదురెళ్లబోతే చేతితో వద్దని, కొంచెం కుంటుతూ తానే నడిచి వచ్చి లోపల చాచీ ముందు చాప మీద కూర్చుంది. వాళ్లిద్దరూ అంతకుముందు ఎప్పుడూ ఒకరినొకరు చూసుకోలేదు.

"నేనే అమ్మా" అంది. "పాము కరిచినదాన్ని."

 వంటామె చీర కుచ్చిళ్లు కొంచెం పైకి జరిపి, ఎడమ కాలు ముందుకు చాపింది. మడమ పైన, అరచేయంత మేర, చర్మం ముడతపడి నల్లగా మెరుస్తోంది. చాచీ కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది. తర్వాత తన అరచెయ్యి ఆ మచ్చ మీద పెట్టింది. దాని కింద నెత్తురు పారుతోందో లేదో చూసుకుంటున్నట్టు, చాలాసేపు తీయలేదు. లోపల కూర మాడుతున్న వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు.